చేతులు కట్టుకున్న విద్యార్థి: శరీర భాషను చదివే, దిద్దుకునే పద్ధతి

అమీర్‌పేటలో ఇంటర్వ్యూలకు తయారుచేసే ఒక శిక్షణ సంస్థలో నేను కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. నమూనా ఇంటర్వ్యూ జరిగిన ప్రతిసారీ నా చేతిలో ఒక మార్కుల పత్రం ఉండేది. అందులో ఉచ్చారణకు, విషయ పరిజ్ఞానానికి ఉన్నట్టే 'బాడీ లాంగ్వేజ్'కు కూడా ఒక గడి, పది మార్కులు ఉండేవి. ఒకరోజు నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి నా బల్ల ముందు రెండు చేతులూ కట్టుకుని, తల కొద్దిగా వంచి నిలబడి, అడిగిన ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా జవాబు చెప్పాడు. నేను ఆ గడిలో మూడు మార్కులు వేసి, పక్కన 'ఆత్మవిశ్వాసం లేదు, బిగుసుకుపోయాడు' అని రాశాను. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అతడు ఆ కాగితం పట్టుకుని వచ్చి, "చేతులు కట్టుకునుడు తప్పా సార్? మా ఊర్ల సార్ల ముంగట చేతులు ఊపుకుంట నిలవడితే మా నాయిన ఊకోడు" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. నేను మార్కులు వేసింది అతడి ప్రవర్తనకు కాదు, ఎక్కడో అచ్చయిన ఒక పుస్తకంలోని బొమ్మకు. ఆ బొమ్మ కింద 'చేతులు కట్టుకున్నవాడు మనసు మూసుకున్నవాడు' అన్న అర్థం ఉండేది. ఒకటో తరగతి నుంచి 'చేతులు కట్టుకుని కూర్చోండి' అన్న మాట వింటూ పెరిగిన మనకు ఆ భంగిమ వినయం, శ్రద్ధ; గుడిలో దేవుడి ముందు, ఇంట్లో తాతగారి ముందు, పెళ్లి మాటల్లో పెద్దల ముందు మనం అలాగే నిలబడతాం. అదే భంగిమలో ఇంటి గేటు దగ్గర నిలబడి, గడ్డం పైకెత్తి, చెత్తబండి ఆలస్యంగా వచ్చిందని చూస్తున్న మనిషిలో వినయం వెతికితే దొరకదు. భంగిమ ఒకటే, అర్థాలు రెండు. కాబట్టి శరీర భాష నేర్చుకోవాలనుకునేవారు మొట్టమొదట చేయవలసిన పని, ఫలానా కదలికకు ఫలానా అర్థం అని చెప్పే జాబితాలన్నింటినీ పక్కన పెట్టడం.

పక్కన పెట్టవలసిన లెక్క ఒకటి

మాటలకు 7 శాతం, గొంతుకు 38 శాతం, శరీరానికి 55 శాతం ప్రాధాన్యం అన్న లెక్కను హైదరాబాద్‌లో వ్యక్తిత్వ వికాస తరగతికి వెళ్లిన ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా విని ఉంటారు. నేను కూడా చాలాకాలం బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఈ అంకెలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ పరీక్షించింది ఉపన్యాసాలను కాదు, సంభాషణలను కాదు. విడివిడి మాటలను వేర్వేరు గొంతులతో వినిపించి, వేర్వేరు ముఖాల ఛాయాచిత్రాలు చూపించి, చెప్పేవారికి ఎదుటివారి మీద ఇష్టం ఉందా లేదా అన్నది వినేవారు దేన్నిబట్టి ఊహిస్తున్నారో చూశారు. మాట ఒకటి చెబుతూ ముఖం మరొకటి చెబుతున్నప్పుడు, అదీ ఇష్టాయిష్టాల విషయంలో, జనం ముఖాన్నే నమ్ముతారన్నది ఆ ప్రయోగాల సారం. ఈ అంకెలు అన్ని రకాల సంభాషణకూ వర్తించవని మెహ్రాబియనే తరువాత స్పష్టం చేశారు. ఇంట్లో టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి రాత్రి తొమ్మిది గంటల వార్తలు చూస్తే విషయంలో ఎంత శాతం అర్థమవుతుందో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

అలాగని శరీరం ఏమీ చెప్పదని కాదు. మనిషి తాను చెబుతున్న మాట పట్ల, ఎదుట ఉన్న మనిషి పట్ల ఎలా ఉన్నాడో, అంటే ఆసక్తితోనా, ఇబ్బందితోనా, తొందరతోనా, మర్యాదతోనా అన్నది చెబుతుంది. ఎందుకు అలా ఉన్నాడో మాత్రం చెప్పదు. ఆ 'ఎందుకు' తెలియాలంటే మనం నోరు తెరిచి అడగవలసిందే.

మామూలు తీరు ముందు, మార్పు తరువాత

ఎదుటివారిని చదవడంలో అసలైన నైపుణ్యం ఒక్కటే: ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో ముందు చూసిపెట్టుకుని, ఏ క్షణంలో ఆ తీరు మారిందో గమనించడం. కొందరు పుట్టుకతోనే కాళ్లు ఊపుతారు, కొందరు మాట్లాడినంతసేపూ మెడ తడుముకుంటారు, కొందరు పక్కకు చూస్తేనే తప్ప ఆలోచించలేరు. ఇవి వారి అలవాట్లు. వీటికి అర్థం వెతకడం వృథా. అలవాటు మారిన చోటే అర్థం ఉండవచ్చు.

దీన్ని అద్దె ఇల్లు వెతికే సందర్భంలో చూపిస్తాను, ఎందుకంటే ఈ నగరంలో ఉద్యోగానికి వచ్చిన ప్రతి కుటుంబానికీ అది తప్పని పరీక్ష. దిల్‌సుఖ్‌నగర్ వెనుక వీధిలో టులెట్ బోర్డు చూసి మేడ మీద రెండు గదుల వాటా చూడటానికి వెళ్లామనుకుందాం. ఓనర్ గారు తాళంచెవుల గుత్తి తిప్పుకుంటూ ముందు నడుస్తారు. మొదటి ఐదు నిమిషాలు అసలు ప్రశ్నలేవీ వేయకూడదు. మీది ఏ ఊరండీ, ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది, బడి ఎంత దూరం అన్న సులభమైన ప్రశ్నలు అడుగుతూ ఆయన తీరు చూడాలి. ఆయన మన వైపు తిరిగి, చేయి చాచి కిటికీలు చూపిస్తూ, అడగనివి కూడా చెబుతారు. అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్స్ గురించి అడిగినా అదే వేగంతో జవాబులు వస్తాయి. 'నీళ్లెలా వస్తాయండీ?' అని అడిగేసరికి తాళంచెవుల చప్పుడు ఆగుతుంది. 'నీళ్లకేం ఢోకా లేదండీ, మంజీరా నీళ్లున్నాయి, బోరుంది' అని చెబుతూనే ఆయన గుమ్మంలో నిలబడిన భార్య వైపు ఒకసారి చూసి, వంటగది తలుపు వైపు నడక మొదలుపెడతారు.

ఇప్పుడు ఇందులోంచి ఏం గ్రహించాలి? ఆయన అబద్ధం చెప్పారని మాత్రం గ్రహించకూడదు. పాత అద్దెదారుతో నీళ్ల విషయంలో గొడవ జరిగి ఉండవచ్చు, మోటారు నిన్ననే చెడిపోయి ఉండవచ్చు, భార్య ఆ సమయంలోనే ఏదో సైగ చేసి ఉండవచ్చు. మనకు తెలిసిందల్లా ఆ ప్రశ్న దగ్గర ఏదో కదిలిందని. కాబట్టి అక్కడే మరో ప్రశ్న వేయాలి, అదీ నిలదీసినట్టు కాకుండా: 'ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ తెప్పిస్తారాండీ? ఆ ఖర్చు అందరం పంచుకోవాలా?' అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబే మనకు కావలసిన సమాచారం. తాళంచెవులు ఆగడం ఆ ప్రశ్న ఎక్కడ వేయాలో చూపిన గుర్తు మాత్రమే.

ఈ జాగ్రత్త ఎందుకంటే, అబద్ధాన్ని ముఖం చూసి కనిపెట్టగలమన్న మన ధీమాకు ఆధారం చాలా తక్కువ. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అన్న ఇద్దరు అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు 2006లో అంతకుముందు వెలువడిన 206 పత్రాలను ఒకచోట చేర్చి, 24,000 మందికి పైగా ఇచ్చిన తీర్పులను లెక్కగట్టారు; నిజమేదో అబద్ధమేదో సరిగా చెప్పగలిగినది సగటున 54 శాతం. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది. పనిమనిషి తల దించుకుందని, డ్రైవర్ తడబడ్డాడని, పిల్లవాడు కళ్లలోకి చూడలేదని దొంగతనాలు అంటగట్టే ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. యజమాని ఎదుట తల దించుకోవడం ఈ దేశంలో భయానికీ మర్యాదకూ కూడా గుర్తే. దానికి మూడో అర్థం అంటగట్టే ముందు వెయ్యిసార్లు ఆలోచించాలి.

ఎక్కడ చూడాలి

మనం అందరం ముఖాన్నే చూస్తాం. కానీ ముఖమే మనిషి అన్నింటికన్నా ఎక్కువగా అదుపులో పెట్టుకునే భాగం. చిన్నప్పటి నుంచి 'చుట్టాల ముందు మూతి ముడుచుకోకు' అని మనకు శిక్షణ ఇచ్చింది దానికే. 'చేతులు జాగ్రత్తగా పెట్టుకో' అని కొంతవరకు చెబుతారు. పాదాలను గురించి, ఎవరికైనా తగిలినప్పుడు తప్ప, ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే చూడవలసిన వరుస పాదాలు, చేతులు, ఆ తరువాతే ముఖం.

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు అమ్మే దుకాణదారులు ఈ విద్యలో ఏ తరగతిలోనూ చదవని పండితులు. ఒక పెళ్లి కొనుగోలుకు మా కుటుంబంతో వెళ్లి, బల్ల మీద కూర్చుని గంటసేపు చూశాను. దుకాణదారు ముందుగా చేతి కణుపులు నొక్కి చూసి కొలత చెప్పాడు. ఆ స్పర్శలోనే తొందర ఉన్న చేయి ఏదో, తీరికగా వచ్చిన చేయి ఏదో అతడికి తెలిసిపోతున్నట్టుంది. ఆ తరువాత పది జతలు పరిచాడు. మా పిన్ని ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ, రాళ్లు పొదిగిన మెరూన్ రంగు జత దగ్గరకు వచ్చేసరికి దాన్ని కింద పెట్టకుండా, వేళ్ల మధ్య తిప్పుతూనే "అబ్బో, ఇంత ధర ఎవరు పెడతారు బాబూ" అని పెదవి విరిచింది. అతడు ఆమె ముఖం వైపు చూడనే లేదు. మిగిలిన తొమ్మిది జతలనూ నెమ్మదిగా పెట్టెల్లో సర్దేసి, ఆమె చేతిలోని జతను మాత్రం అక్కడే ఉండనిచ్చి, "మీరే చెప్పండమ్మా" అన్నాడు. పెదవి బేరం ఆడుతోంది, చేయి కొనేసింది. బేరమాడేవారు దీని నుంచి నేర్చుకోవలసింది ఏమిటంటే, నిజంగా ధర తగ్గాలనుకుంటే నచ్చిన వస్తువును ముందుగా చేతిలోంచి కింద పెట్టాలి, రెండడుగులు పక్కకు వేసి మరో వస్తువును తీరికగా చూడాలి. మా పిన్నికి ఈ సంగతి ఆటోలో చెబితే, నాకు నచ్చిన గాజులు వేరేవాళ్లు ఎగరేసుకుపోతే నువ్వు తెచ్చిస్తావా అంది.

పాదాల సంగతి అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ముందు బాగా కనిపిస్తుంది. పైఅంతస్తు ఆవిడ నవ్వుతూ, తల ఊపుతూ మన మాట వింటూనే ఉంటారు. ఒక పాదం మాత్రం అప్పటికే లిఫ్ట్ వైపు తిరిగి ఉంటుంది. ఆమెకు మన మీద అయిష్టం ఉన్నట్టు కాదు, పొయ్యి మీద పాలు ఉన్నట్టు. అది చూసిన వెంటనే 'సరేనండీ, మళ్లీ మాట్లాడుకుందాం' అని మనమే అనడం చాలా పెద్ద మర్యాద.

ముఖం విషయానికి వస్తే, నవ్వును మూతి దగ్గర కాక కళ్ల దగ్గర చూడాలి. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు డ్యూషేన్ ముఖ కండరాలను విద్యుత్తుతో కదిలించి చూసి, మనసారా నవ్వినప్పుడు పెదవుల కొనలతో పాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుందని రాశాడు. బుగ్గలు పైకి లేచి, కంటి చివర గీతలు పడతాయి. మూతి నవ్వుతూ కళ్లు నవ్వకపోతే అది మర్యాద నవ్వు కావచ్చు. మర్యాద నవ్వూ తప్పేమీ కాదు, బిల్లింగ్ కౌంటర్‌లో పొద్దుటి నుంచి నిలబడిన అమ్మాయి నుంచి అంతకుమించి ఆశించడం అన్యాయం.

మన తల చెప్పేది మనవాళ్లకే

తెలుగువారి తల మూడు రకాలుగా ఊగుతుంది. పైకీ కిందికీ అయితే అవును, కుడికీ ఎడమకూ తిరిగితే కాదు. ఈ రెండింటితో పేచీ లేదు. మూడోది, భుజాల వైపు అటూ ఇటూ వాలుతూ లోలకంలా ఊగేది. దానికి 'సరే', 'వింటున్నాను', 'అలాగే కానివ్వండి', 'చూద్దాం', 'బాగుంది' అన్నవన్నీ అర్థాలే. ఎంత వేగంగా ఊగింది, కళ్లు ఎలా ఉన్నాయి అన్నదాన్నిబట్టి మనం తేల్చుకుంటాం. వేగంగా ఊగితే ఒప్పుకోలు, నెమ్మదిగా ఒకవైపే వాలితే 'చెబుతున్నావు కాబట్టి వింటున్నాను' అన్నట్టు. ఇది నిన్నా మొన్నా పుట్టిన అలవాటు కాదు. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలు మొదట్లోనే వల్లెవేసే అభినయ దర్పణం తొమ్మిది శిరోభేదాలు చెబుతుంది. వాటిలో ఒకటైన పరివాహితం అంటే తలను చామరంలా ఇరుపక్కలకూ వీచడం. సంతోషానికీ, అనుమోదనకూ, ఆలోచనకూ కూడా దాన్నే వాడమని అందులో ఉంది. రవీంద్రభారతిలో వేదిక మీద ఆ తల ఊగుతుంటే వివరణ లేకుండానే మనకు అర్థమవుతుంది.

చిక్కంతా హైటెక్ సిటీలో రాత్రి పూట మొదలవుతుంది. అమెరికాలో ఉన్న క్లయింట్ 'శుక్రవారానికి ఇవ్వగలరా' అని అడిగినప్పుడు మనవాడు తల అటూ ఇటూ ఊపితే, తెర అవతల ఉన్నవారికి అది 'కాదు'లాగా కనిపిస్తుంది, లేదా ఏమీ అర్థం కాదు. అంతకన్నా ప్రమాదం, 'వింటున్నాను' అన్న అర్థంతో మనం తలను పైకీ కిందికీ ఊపుతూ ఉంటే వారు దాన్ని ఒప్పుకోలుగా రాసుకోవడం. పరాయి దేశం వారితో మాట్లాడేటప్పుడు తల ఊపిన ప్రతిసారీ దానికో మాట జతచేయాలి: 'అర్థమైంది, కానీ శుక్రవారానికి మాట ఇవ్వలేను' అన్నంత స్పష్టంగా. తలను ఊగకుండా బిగపట్టుకోమని కొన్ని సంస్థల్లో శిక్షణ ఇస్తారు. నాకు అది అనవసరమనిపిస్తుంది. బిగపట్టిన తలతో మాట్లాడే మనిషి మెడపట్టేసిన మనిషిలా కనిపిస్తాడు. మాట జతచేస్తే చాలు.

కళ్లు, దూరం

కళ్లలోకి చూసి మాట్లాడమన్న సలహాను మన ఇళ్లలో పెరిగినవారు యథాతథంగా పాటిస్తే, ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషిని గుడ్లప్పగించి చూసినట్టవుతుంది. 2016లో లండన్ సైన్స్ మ్యూజియంకు వచ్చిన దాదాపు 500 మందికి నటుల ముఖాలను తెర మీద చూపించి, చూపు ఎంతసేపు కలిస్తే హాయిగా ఉందో అడిగితే సగటు 3.3 సెకన్లు వచ్చింది. అది మన ఊరి కొలత కాదు కానీ, చూపు కలవడం అంటే చూపు నాటడం కాదని చెప్పడానికి పనికివస్తుంది. ముగ్గురు కూర్చున్న ఇంటర్వ్యూ బల్ల ముందు నేను సూచించే పద్ధతి ఇది: ప్రశ్న అడిగినవారి వైపు చూస్తూ జవాబు మొదలుపెట్టాలి, మధ్యలో ఒక వాక్యం పూర్తయ్యేంతసేపు మిగిలిన ఇద్దరి వైపూ చూపు తిప్పాలి, ముగింపుకు మళ్లీ అడిగినవారి దగ్గరకే రావాలి. కళ్లలోకి చూడటం మరీ కష్టమైతే కనుబొమల మధ్య చూడవచ్చు, బల్ల అవతలి వారికి తేడా తెలియదు. ఆలోచించేటప్పుడు చూపు పక్కకు పోవడం సహజం. దాన్ని ఆపుకోవడానికి ప్రయత్నిస్తే ఆలోచనే ఆగిపోతుంది.

దూరం విషయంలో అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో ఇచ్చిన కొలతలు ప్రసిద్ధం: 18 అంగుళాల లోపు ఆత్మీయులకు, అక్కడి నుంచి 4 అడుగుల వరకు స్నేహితులకు, 12 అడుగుల వరకు పనుల మీద వచ్చినవారికి, ఆపైన సభలకు. అవి ప్రధానంగా అమెరికా ఈశాన్య ప్రాంతపు మధ్యతరగతి వారిని చూసి వేసిన కొలతలని, అందరికీ వర్తించవని ఆయనే చెప్పాడు. సాయంత్రం ఆరు గంటలకు కోఠీలో సిటీ బస్సు ఎక్కినవారికి 18 అంగుళాలు అన్నది ఒక కల. అయినా అంత రద్దీలోనూ మనం దూరం పాటిస్తూనే ఉంటాం, కాళ్లతో కాక కళ్లతో. అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో మారే జనం మధ్య ఒకరి భుజం మరొకరికి తగులుతుంటే అందరి చూపులూ ఫోన్ల మీదకో, తలుపు పైనున్న స్టేషన్ల పట్టిక మీదకో పోతాయి. మైకేల్ ఆర్గైల్, జానెట్ డీన్ అన్న మనస్తత్వ పరిశోధకులు 1965లోనే దీన్ని వివరించారు: దూరం తగ్గేకొద్దీ మనుషులు చూపు తగ్గించుకుని సమతూకం చేసుకుంటారు. కాబట్టి రద్దీలో ముఖం తిప్పుకున్నవారిని పొగరుబోతులని అనుకోనక్కర లేదు. వారు మనకు చోటు ఇస్తున్నారు. అంత దగ్గరలో చూపు తిప్పుకోకుండా చూసేవారే మర్యాద తప్పినవారు.

ఇక్కడ మగవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. మాట్లాడుతున్న స్త్రీ అర అడుగు వెనక్కి వేసినా, భుజాన ఉన్న బ్యాగును ముందుకు తెచ్చి పట్టుకున్నా, జవాబులు ఒక్కో మాటకు తగ్గినా, ఆ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా మనం ముందుకు వేయకూడదు. వీలైతే మనమూ అర అడుగు వెనక్కి జరగాలి. ఎందుకు జరిగిందో తెలుసుకోవలసిన అవసరం ఇక్కడ లేదు. ఈ వ్యాసంలో ఎక్కడైనా 'అడిగి తెలుసుకోండి' అన్న నియమానికి మినహాయింపు ఉంటే అది ఇదే.

మన శరీరాన్ని దిద్దుకోవడం

ఎదుటివారిని చదవడం కన్నా ఇది సులభం, ఫలితం కూడా త్వరగా కనిపిస్తుంది. అయితే ముందుగా ఒక భ్రమ తొలగించాలి. శరీరాన్ని విశాలంగా చాపి, దర్పం చూపే భంగిమల్లో రెండు నిమిషాలు ఉంటే హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని 2010లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. 2015లో 200 మందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పు కనిపించలేదు. మొదటి అధ్యయనంలో ప్రధాన రచయిత్రి అయిన డానా కార్నీ కూడా తనకు ఆ ఫలితం మీద నమ్మకం లేదని 2016లో బహిరంగంగా చెప్పారు. ఇంటర్వ్యూకు ముందు బాత్‌రూములో అలా నిలబడే సమయంలో నాలుగు గుక్కల మంచినీళ్లు తాగి, ఫైలు సర్దుకోవడం మేలు.

పలకరింపుతో మొదలుపెట్టాలి. ఈ నగరంలో పలకరింపులు ఒకటి కాదు. పాతబస్తీలో వయసు మళ్లినవారు కుడి చేతిని నుదుటి వైపు ఎత్తి ఆదాబ్ చేస్తే అదే తీరులో తిరిగి చేయడం అందం, నమస్తేకు నమస్తే, చేయి చాస్తే కరచాలనం. స్త్రీలతో కరచాలనం విషయంలో వారు చేయి చాచేవరకు ఆగి, అప్పటివరకు నమస్తేతో సరిపెట్టుకోవడం అన్ని వర్గాల వారితోనూ క్షేమం. డబ్బు, కాగితం, ప్రసాదం, విజిటింగ్ కార్డు ఏదిచ్చినా, తీసుకున్నా కుడి చేత్తోనే. పెద్దవారైతే ఎడమ చేతిని కుడి మోచేతి దగ్గర ఆనించడం మరింత మర్యాద. కాలు తగిలితే వేళ్లతో తాకి కళ్లకద్దుకునే అలవాటు మనకు ఎలాగూ చెప్పకుండానే వస్తుంది.

కుర్చీలో కూర్చున్నప్పుడు వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి, చేతులు తొడల మీదనో బల్ల అంచునో కనిపించేలా ఉండాలి. కాలు మీద కాలు వేసుకుని చెప్పు అడుగు ఎదుటివారికి చూపడం పెద్దల ముందు ఇప్పటికీ తప్పే, అది కార్పొరేట్ ఆఫీసు అయినా సరే. బల్ల అవతల కూర్చున్నవారు కూడా ఏదో ఒక తాతగారి మనవలే. నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. చేతులు కట్టుకోవడం తప్పు కాదు. కానీ ఇంటర్వ్యూ బల్ల అవతల ఉన్నవారు నాలాగే ఆ పుస్తకం చదివినవారు అయి ఉండే అవకాశం ఉంది కనుక, ఆ అరగంటకు మాత్రం ఒక అరచేతిలో మరో చేయి పెట్టుకుని బొడ్డు ఎత్తున ఉంచుకోమని చెప్పాను. వినయమూ పోదు, చేతులూ కనిపిస్తాయి. ఊరికి వెళ్లినప్పుడు మాస్టార్ల ముందు ఎప్పటిలాగే నిలబడమన్నాను.

వీడియో కాల్ గురించి రెండే మాటలు. కెమెరా కళ్ల ఎత్తున ఉండాలి, లేకపోతే ఎదుటివారికి మన ముక్కు రంధ్రాలే కనిపిస్తాయి. లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెడితే సరిపోతుంది. ముఖ్యమైన వాక్యం చెప్పేటప్పుడు తెర మీది ముఖాన్ని కాక కెమెరాను చూడాలి.

పరామర్శకు వెళ్లినప్పుడు మాత్రం ఇంతవరకు చెప్పిన మెలకువలు ఎక్కువ పని చేయవు. చావు జరిగిన ఇంట్లో ఏమనాలో తోచక చాలామంది గుమ్మంలో నిలబడే 'ఎలా జరిగింది' అని మొదలుపెడతారు. అంతకన్నా లోపలికి వెళ్లి, వారు ఎంత ఎత్తులో కూర్చుని ఉంటే అంత ఎత్తులోనే, చాప మీద ఉంటే చాప మీదే, పక్కగా కూర్చోవాలి. ఫోన్ జేబులోంచి తీయకూడదు. చనువును బట్టి భుజం మీదనో చేతి మీదనో చేయి వేయవచ్చు. చనువు లేకపోతే ఊరికే కూర్చున్నా చాలు. మాట వారే మొదలుపెడతారు, లేదా మొదలుపెట్టరు. రెండూ సరైనవే.

సాధన ఎలా చేయాలి

ఫోన్‌ను ఎదురుగా గోడకు ఆనించి, ఇంట్లో ఎవరితోనైనా మూడు నిమిషాలు ఏదైనా విషయం మాట్లాడుతూ రికార్డు చేయండి. అదే రోజు చూడవద్దు. మనసులో మాటలు ఇంకా ఆడుతూ ఉంటాయి. మరుసటి రోజు మొదట శబ్దం లేకుండా చూసి, మీకు తెలియకుండా పదే పదే చేస్తున్న పని ఏమిటో ఒక్కటి రాసుకోండి. తరువాత శబ్దంతో చూసి, ఆ పని ఏ మాట దగ్గర జరుగుతోందో గుర్తించండి. వారానికి ఒక్క అలవాటునే దిద్దుకోవాలి; రెండు పెట్టుకుంటే మాట్లాడేటప్పుడు మనసంతా చేతుల మీదే ఉండి మాట తడబడుతుంది. ఆ అలవాటును ఆపడం కన్నా దానికి వేరే పని ఇవ్వడం సులభం: పెన్ను టకటకలాడించేవారు మూత పెట్టే పెన్ను వాడాలి, జుట్టు సర్దుకునేవారు ముందే పిన్ను పెట్టుకోవాలి, ఉంగరం తిప్పేవారు ఆ గంటకు దాన్ని తీసి జేబులో వేసుకోవాలి.

నా రికార్డింగును నేను మొదటిసారి శబ్దం లేకుండా చూసినప్పుడు, మూడు నిమిషాల్లో పదిహేడుసార్లు చూపుడు వేలు ఎదుటివారి ముఖం వైపు ఆడించడం కనిపించింది. ఇన్నేళ్లు తరగతిలో విద్యార్థులు ఏం చూశారో ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి పాఠం చెప్పేటప్పుడు కుడి చేతిలో మార్కర్ పట్టుకుంటున్నాను, మూత పెట్టి.